పాత ట్రామ్ బండ్లు రోజువారీ ప్రయాణానికి పనికొస్తాయా? శాన్‌ఫ్రాన్సిస్కో ఎఫ్ లైనుపై చర్చ

పెన్నాతీరం (నెల్లూరు):

శాన్‌ఫ్రాన్సిస్కోలో పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన మన జిల్లావాళ్ళు తప్పకుండా చూపించే ఫోటో కేబుల్ కారుది. అదే ఊళ్ళో మార్కెట్ స్ట్రీట్ మీదా, సముద్రపు ఒడ్డున ఎంబార్కడేరో రోడ్డు వెంటా రోజూ తిరిగే ఎఫ్ లైను పాత ట్రామ్ బండ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నన్నడిగితే వివరంగా చూడవలసింది ఈ రెండోదే. కేబుల్ కారులో మోటారు ఉండదు. వీధి కింద గాడిలో గంటకు సుమారు 15 కిలోమీటర్ల వేగంతో ఎడతెగకుండా పరుగెత్తే ఉక్కు తాడును పట్టుకుని అది కొండ ఎక్కుతుంది. దానికి టికెట్టు వేరు, అది ఖరీదు కూడా. ఎఫ్ లైను బండి పైతీగ నుంచి కరెంటు తీసుకుని నడిచే అసలు సిసలైన ట్రామ్, టికెట్టు సిటీ బస్సుకు ఎంతో దానికీ అంతే. ఆఫీసుకు వెళ్ళే ఉద్యోగి, కూరగాయల సంచితో దిగే ముసలావిడ, మెడలో కెమెరా వేలాడదీసుకున్న పర్యాటకుడు ఒకే బండిలో పక్కపక్కన కూర్చుంటారు.

ఈ లైను 1995 సెప్టెంబరు 1న కాస్ట్రో పేట నుంచి మార్కెట్ స్ట్రీట్ మీదుగా మొదలై, 2000 మార్చిలో ఫిషర్‌మన్స్ వార్ఫ్ వరకు పొడిగించబడింది. మొత్తం పొడవు దాదాపు 10 కిలోమీటర్లు. కరోనాకు ముందు రోజుకు సుమారు 20 వేల మంది ఎక్కేవారని అంచనా. డెబ్బై, ఎనభై ఏళ్ళ నాటి బండ్లతో ఇంతమందిని మోయడం ఎలా సాధ్యమైంది, మద్రాసులో మన పెద్దలు ఎక్కిన ట్రామ్‌కు ఆ భాగ్యం ఎందుకు పట్టలేదు అన్నది ఇక్కడ మాట్లాడుకుంటే బాగుంటుందని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను.

గూడూరు జంక్షన్:

మంచి విషయం ఎత్తారండీ. ఈ లైను పుట్టుక ఒక మూసివేతతో ముడిపడి ఉంది. ఆ ఊళ్ళో ట్రామ్‌లను మార్కెట్ స్ట్రీట్ కింద తవ్విన సొరంగంలోకి మళ్ళించాక, 1982 సెప్టెంబరు నాటికి వీధి మీద ట్రామ్ తిరగడం ఆగిపోయింది. సరిగ్గా అదే నెలలో కేబుల్ కార్ల వ్యవస్థను పూర్తిగా తిరగగట్టడానికి మూసివేశారు, మళ్ళీ తెరిచింది 1984 జూన్‌లో. పర్యాటకులను రప్పించే ముఖ్య ఆకర్షణ లేకుండా వేసవి గడవడం ఎలాగని వ్యాపారులు బెంబేలెత్తారు. అప్పుడు 1983 వేసవిలో పాత ట్రామ్‌లను బయటికి తీసి, మార్కెట్ స్ట్రీట్ మీద ఇంకా మిగిలి ఉన్న పట్టాల మీదనే ఉత్సవంలాగా నడిపారు. నాటి మేయరు డయాన్ ఫైన్‌స్టైన్ దానికి అండగా నిలిచారు. ఒక్క వేసవికని మొదలుపెట్టినది 1987 వరకు ఏటా సాగి, చివరికి 1995లో ఎఫ్ లైనుగా స్థిరపడింది.

పట్టాలు పీకెయ్యకపోవడమే అసలు అదృష్టమని నా అభిప్రాయం. సొరంగం వచ్చింది కదా అని ఆ ఏడాదే పట్టాలు తవ్వి తారు పోసి ఉంటే, ఎంత ప్రేమ ఉన్నా మళ్ళీ వేయించే డబ్బు దొరికేది కాదు.

కందుకూరు మాస్టారు:

మద్రాసు ప్రస్తావన వచ్చింది కనుక కొంత వివరంగా రాస్తాను. 1895 మే 7న మద్రాసులో విద్యుత్ ట్రామ్ మొదలయ్యింది. మన దేశంలో విద్యుత్తుతో నడిచిన తొలి ట్రామ్ అదే. కలకత్తాలో ట్రామ్ 1873లోనే మొదలైనప్పటికీ అది గుర్రాలు లాగినది. అక్కడ కరెంటు ట్రామ్ 1902లో గానీ రాలేదు. మద్రాసులో మొదట్లో పట్టాల నడుమ గాడిలో కరెంటు తీగ అమర్చారు. ఆ ఊరి ఈశాన్య రుతుపవనాల వానలు ఎలా ఉంటాయో నెల్లూరువాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. గాడి నీళ్ళతో నిండితే బండి ఆగిపోయేది. ఆ బాధ పడలేక త్వరలోనే పైతీగకు మారారు.

మా తాతల తరంలో వైద్యానికో, కోర్టు పనికో, పెళ్ళి బట్టలకో మద్రాసు వెళ్ళినవారు సెంట్రల్ స్టేషను బయట ట్రాంబండి ఎక్కిన ముచ్చట్లు చెప్పేవారు. నడిపిన కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి 1953 ఏప్రిల్ 12 అర్ధరాత్రి సర్వీసు ఆపేసింది. అప్పటికి మన నెల్లూరు జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ ఏడాది అక్టోబరు 1న. అంటే ఆ ట్రామ్ మన రాజధాని ట్రామ్‌గానే కన్నుమూసింది. తరవాత బొంబాయిలో 1964 మార్చి 31న ట్రామ్ ఆగింది.

శాన్‌ఫ్రాన్సిస్కోకూ మద్రాసుకూ తేడా యాజమాన్యంలో ఉందని నేననుకుంటాను. ఆ ఊరి మునిసిపాలిటీ 1912 డిసెంబరు 28న సొంతంగా ట్రామ్ నడపడం మొదలుపెట్టింది. మార్కెట్ స్ట్రీట్ మీద ప్రైవేటు కంపెనీ బండ్లూ, మునిసిపాలిటీ బండ్లూ నాలుగు వరసల పట్టాల మీద పోటీపడి పరుగెత్తేవి. 1944లో మునిసిపాలిటీయే ఆ కంపెనీని కొనేసింది. లాభం రాకపోతే చేతులు దులుపుకొని పోయే అవకాశం కంపెనీకి ఉంటుంది కాని, ఓట్లు అడగవలసిన పాలకవర్గానికి అంత సులువు కాదు.

చీమకుర్తి రాయి:

మాస్టారూ, యాజమాన్యం మాట ఒప్పుకుంటాను. బొంబాయిలో నడిపింది కూడా ప్రభుత్వ సంస్థే కదా, అయినా మూసింది. కనుక అదొక్కటే కారణం కాదు.

నాకు ఎఫ్ లైను మీద వేరే అభ్యంతరం ఉంది. అక్కడ తిరిగే బండ్లలో చాలా భాగం ఆ ఊరివి కావు. మొదట కొన్నవి ఫిలడెల్ఫియాలో తిరిగి తిరిగి అలిసిన 14 బండ్లు. వాటిని బాగుచేయించి ఒక్కోదానికి ఒక్కో ఊరి రంగు వేశారు: ఒకటి బోస్టన్, ఒకటి సిన్సినాటి, ఒకటి బ్రూక్లిన్, ఇంకొకటి కాన్సస్ సిటీ. తరవాత న్యూయార్క్ పక్కనున్న న్యూఅర్క్ నుంచి కొన్నవి ఉన్నాయి, అవి అంతకుముందు మినియాపొలిస్‌లో నడిచినవి. ఫిలడెల్ఫియా బండికి బోస్టన్ రంగు పూసి శాన్‌ఫ్రాన్సిస్కోలో నడిపితే అది ఎవరి వారసత్వం? గ్రానైటు ముక్కకు పాలరాయి రంగు పూసి అమ్మినట్టుంది.

పెన్నాతీరం (నెల్లూరు):

అభ్యంతరం న్యాయమైనదే, కాని నేను దాన్ని అంత తీవ్రంగా తీసుకోను. ఆ బండ్లన్నీ పీసీసీ (ప్రెసిడెంట్స్ కాన్ఫరెన్స్ కమిటీ) అనే ఒకే నమూనావి. మోటారు కార్ల పోటీని తట్టుకోవడానికి అమెరికాలోని ట్రామ్ కంపెనీల అధ్యక్షులు కమిటీగా ఏర్పడి, పరిశోధన చేయించి తయారుచేయించిన నమూనా అది. 1936లో తొలిసారి రోడ్డెక్కింది. ఊరూరికీ వేరే బండి కాకుండా, దాదాపు ఒకే బండిని దేశమంతా కొన్నారు. ఉత్తర అమెరికాలో ఇంచుమించు 5000 తయారయ్యాయి. వాటిలో ఆఖరిది 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోకే వచ్చింది. ఆ లైసెన్సుతో చెకోస్లొవేకియాలో టాట్రా కంపెనీ వేల సంఖ్యలో ట్రామ్‌లు చేసింది. ఒకే కుటుంబానికి చెందిన బండ్లు గనుక, వాటి మీద ట్రామ్ పోగొట్టుకున్న ఇతర ఊళ్ళ రంగులు వేయడం నాకు మోసంగా కనిపించలేదు. ఏ రంగు ఏ ఊరిదో బండి లోపల రాసి పెట్టారు.

పైగా పూర్తిగా వేరే జాతివి కూడా ఉన్నాయి. ఇటలీలోని మిలాన్ నుంచి తెచ్చిన 1928 నాటి బండ్లు పక్కల పొడవునా చెక్క బల్లలతో, ఇటాలియన్‌లో రాసిన సూచనలతో అలాగే తిరుగుతున్నాయి. మిలాన్‌లో అదే తరగతి బండ్లు ఇప్పటికీ మామూలు సర్వీసులో ఉన్నాయి. ఇంగ్లండులోని బ్లాక్‌పూల్ నుంచి తెచ్చిన 1934 నాటి ఓపెన్‌టాప్ పడవ ఆకారపు బండి ఎండ కాసిన రోజుల్లో ఎప్పుడైనా బయటికి వస్తుంది.

బిట్రగుంట షెడ్డు:

చాలాకాలం రైల్వేలో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసినవాణ్ణి. రంగుల మీద వాదన కన్నా, ఆ బండ్ల కింద ఏముందో చూడడం మంచిదని నా మనవి.

ఆ ట్రామ్‌లకు పైతీగ నుంచి సుమారు 600 వోల్టుల డీసీ (ఒకే దిశలో పారే) కరెంటు అందుతుంది. డీసీ మోటారులో కమ్యుటేటరు అనే రాగి గుండ్రం ఉంటుంది. అది ఒకే ముక్క కాదు, పక్కపక్కనే పేర్చిన రాగి పలకల వరస. పలకకూ పలకకూ నడుమ కరెంటు దూకకుండా పలుచటి అభ్రకపు (మైకా) రేకు పెడతారు. దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు రుద్దుకుంటూ ఉంటే కొంతకాలానికి రాగి అరిగిపోతుంది, గట్టిదైన అభ్రకం మాత్రం అరగక అంచుల్లాగా పైకి నిలబడుతుంది. అప్పుడు బ్రష్ ఎగిరెగిరి పడి నిప్పురవ్వలు రాలుతాయి. అందువల్ల మోటారు విప్పి, కమ్యుటేటరును లేతు మీద సాపు చేసి, ఆ తరవాత ప్రతి సందులోనూ అభ్రకాన్ని రాగి మట్టానికి కాస్త లోతుగా చెక్కాలి. దీన్ని అండర్‌కట్ అంటారు. చేయి తిరిగినవాడే చేయవలసిన పని. గూడూరు, సైదాపురం వైపు గనుల్లో తీసిన మైకా విదేశాలకు ఎగుమతి అయినది ఇటువంటి విద్యుత్ అవసరాల కోసమేనని మన జిల్లాలో పాతవాళ్ళందరికీ తెలుసు. రేకులు చీల్చే పనిలో బతికిన కుటుంబాలు ఇప్పటికీ ఆ ఊళ్ళలో ఉన్నాయి.

పీసీసీ బండికి ఇంకొక ప్రత్యేకత ఉంది. చక్రంలో ఉక్కుకూ ఉక్కుకూ నడుమ రబ్బరు ఉంటుంది, అందువల్ల చప్పుడు తక్కువ. డ్రైవరు చేతితో హ్యాండిల్ తిప్పడు, కారులోలాగా కాళ్ళతో పెడల్ తొక్కుతాడు. ఆపేటప్పుడు మొదట మోటారే జనరేటరుగా మారి వేగాన్ని చంపుతుంది. మిలాన్ బండి ఇందుకు పూర్తిగా వేరు. ఈ రెండు రకాలనూ ఒకే డిపోలో మరమ్మతు చేయాలంటే రెండు రకాల విడిభాగాలు, రెండు రకాల నేర్పు కావాలి. పైగా ఫిలడెల్ఫియా పట్టాల వెడల్పు శాన్‌ఫ్రాన్సిస్కో స్టాండర్డ్ గేజ్ కన్నా ఎక్కువ. అక్కడి బండ్లను తెచ్చి ఊరికే పట్టాల మీద నిలబెట్టడం కుదరదు, చక్రాల నడుమ దూరం మార్చవలసిందే.

కనుక వారసత్వం అంటే నా దృష్టిలో వర్క్‌షాపు. మా బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఒకప్పుడు ఊరికి ఊపిరి. ఆవిరి పోయాక షెడ్డు పోయింది, షెడ్డుతో పాటు ఆ పని తెలిసిన ఫిట్టర్లు, బాయిలరు మేస్త్రీలు చెదిరిపోయారు. ఇవాళ ఎవరైనా ఒక ఆవిరి ఇంజను తెచ్చి నడపమంటే నడిపేవాణ్ణి ఇక్కడ వెతకాలి. శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్ళు ఆ పనితనాన్ని తెగిపోనివ్వలేదు. రోజూ నడుస్తుంది గనుక రోజూ చెడిపోతుంది, రోజూ చెడిపోతుంది గనుక బాగుచేసేవాడి ఉద్యోగం నిలుస్తుంది.

చీమకుర్తి రాయి:

బిట్రగుంట పెద్దాయన చివరి వాక్యానికి నా దగ్గర జవాబు లేదు. కాని రంగుల విషయంలో నా మాట నాదే.

కావలి బ్రిడ్జి:

కలకత్తా సంగతి ఎవరైనా రాస్తారేమోనని ఎదురుచూశాను. 2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ రవాణా మంత్రి, మైదాన్ – ఎస్ప్లనేడ్ నడుమ చిన్న మార్గం తప్ప మిగిలిన ట్రామ్‌లన్నీ ఆపేస్తామని ప్రకటించారు. ఆ ముక్కను వారసత్వ మార్గంగా ఉంచుతారట. ఆ విషయం అప్పటికే హైకోర్టులో ఉంది. పై చర్చను బట్టి చూస్తే ఇది ఎఫ్ లైనుకు నేరుగా తలకిందులైన దారి. అక్కడ పాత బండిని మ్యూజియం నుంచి తీసి రోజువారీ సర్వీసులో పెట్టారు. ఇక్కడ రోజువారీ సర్వీసును తీసి మ్యూజియంలో పెడుతున్నారు. పచ్చికబయలు చుట్టూ తిరిగి వచ్చే బండిలో పర్యాటకుడు ఒకసారి ఎక్కుతాడు, రెండోసారి ఎక్కడు. ఆఫీసుకు వెళ్ళేవాడు ఎన్నడూ ఎక్కడు. ఎక్కేవాడు తగ్గితే ఆ ముక్కకు కూడా రేపు ఖర్చు దండగ అంటారు.

గూడూరు జంక్షన్:

కావలివారి మాటతో ఏకీభవిస్తూనే ఒక చిన్న సవరణ. కలకత్తా ట్రామ్‌కు రోడ్డు మీద తనకంటూ చోటు లేదు. బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్ళు పట్టాల మీదే ఆగుతాయి. ట్రామ్ పక్కకు తప్పుకోలేదు గనుక వాటి వెనకనే నిలబడుతుంది. ఆలస్యమైతే ఎక్కేవాళ్ళు తగ్గుతారు, తగ్గారని బండ్లు తగ్గిస్తారు, బండ్లు తగ్గితే ఇంకా ఆలస్యం. ఎఫ్ లైనుకు ఎంబార్కడేరో భాగంలో రోడ్డు మధ్యలో తనదైన దారి దొరికింది. అది ఎలా దొరికిందో కూడా తెలుసుకోవాలి. అక్కడ సముద్రపు ఒడ్డునే రెండంతస్తుల వంతెన రోడ్డు ఉండేది. 1898లో కట్టిన ఫెర్రీ బిల్డింగును అది ఊరికి కనిపించకుండా అడ్డం కట్టేసింది. 1989 అక్టోబరు 17 భూకంపంలో అది దెబ్బతింది, 1991లో కూల్చివేశారు. ఆ స్థలంలో ఈతచెట్ల జాతి పామ్ చెట్లు నాటి, వెడల్పాటి రోడ్డు వేసి, నడుమ ట్రామ్ పట్టాలు పరిచారు.

(ఆ భూకంపం వచ్చిన నెల తిరక్కుండానే నవంబరులో మనకు కావలి తుపాను. వాళ్ళు ఒడ్డున ఏం కట్టాలో మళ్ళీ ఆలోచించారు. మనం కూలిన స్తంభాలను ఉన్నచోటే మళ్ళీ నిలబెట్టుకున్నాం.)

ఒంగోలు కుర్రాడు:

పెద్దలందరికీ నమస్కారం. ఇదంతా చదివాక నాకొక ఆలోచన వచ్చింది. నెల్లూరు నుంచి మైపాడు బీచికో, ఒంగోలు నుంచి కొత్తపట్నానికో ఇటువంటి పాత పద్ధతి ట్రామ్ వేస్తే ఎలా ఉంటుంది? ఆదివారం జనం బాగానే వెళతారు. పర్యాటక శాఖ పూనుకుంటే మన తీరానికి పేరు వస్తుంది కదా.

కందుకూరు మాస్టారు:

ఉత్సాహం మెచ్చుకోదగ్గది, బాబూ. కాని నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. నడుమ పొలాలు, రొయ్యల చెరువులు, ఊళ్ళు తక్కువ. ట్రామ్ అనేది అడుగడుగునా ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఉండే ఊరి బండి. ఆదివారం ఒక్క రోజు జనంతో పట్టాలకు వడ్డీ కూడా రాదు. నువ్వు చెప్పిన మార్గానికి సరైనది మంచి బస్సు, అదీ సమయానికి వచ్చే బస్సు.

బిట్రగుంట షెడ్డు:

మాస్టారు చెప్పినది ప్రయాణికుల కోణం, నేను తుప్పు కోణం చెబుతాను. మన తీరంలో ఉప్పుగాలికి ఇంటి కిటికీ ఊచలే నాలుగేళ్ళు నిలబడవు. పైతీగ, దాన్ని పట్టే బిగింపులు, స్తంభాలు అన్నీ ఎప్పటికప్పుడు మార్చాలి, తుపాను వస్తే మొత్తం నేలకొరుగుతుంది. చేయలేమని కాదు, తీరప్రాంత ఊళ్ళు ఎన్నో చేస్తున్నాయి. చేయాలంటే ఏటా డబ్బు, నిత్యం మనుషులు ఉండాలి. ప్రారంభోత్సవానికి డబ్బు దొరికినంత సులభంగా మూడో ఏడాది బ్రష్‌లకూ, బేరింగులకూ దొరకదు. బ్యాటరీతో నడిచే ట్రామ్‌లు కూడా వచ్చాయి కదా అంటావేమో. పైతీగ బెడద తీరుతుంది, పట్టాల ఖర్చు తీరదు.

కావలి బ్రిడ్జి:

కొత్త లైను వేయడం వేరు, ఉన్నదాన్ని నిలుపుకోవడం వేరు. ఎఫ్ లైను రెండో రకానికి చెందినది. మన జిల్లాల్లో నిలుపుకోవలసిన వాహనం ఏదన్నది ఆలోచిస్తే ఒంగోలు కుర్రాడి ఉత్సాహానికి దారి దొరకవచ్చు. కృష్ణపట్నం పక్కగా పోయే బకింగ్‌హామ్ కాలువలో ఒకప్పుడు ఉప్పు, వంటచెరకు, ధాన్యం మోసిన పడవలు మద్రాసు దాకా వెళ్ళేవి. అదే మన ట్రామ్ లైను అనుకోవచ్చు, పూడిక తీయించగలిగితే.

పెన్నాతీరం (నెల్లూరు):

కాలువ గురించి వేరే చర్చ పెట్టుకుందాం, దానికి చాలా సరుకు ఉంది. ఇక్కడ ట్రామ్ దగ్గరే ఉందాం.

చీరాల నేత:

ఒక సందేహం. డెబ్బై ఏళ్ళ నాటి బండికి మెట్లు ఎత్తుగా ఉంటాయి కదా. మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, కర్ర లేనిదే నడవలేరు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళ మాట అటుంచి, ఇటువంటివారు ఎక్కగలరా? వచ్చే వేసవిలో మా చెల్లెలి దగ్గరికి తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాం.

పెన్నాతీరం (నెల్లూరు):

మంచి ప్రశ్న అమ్మా. బండి పాతదే గాని చట్టం కొత్తది, అందువల్ల ఏర్పాటు చేయక తప్పలేదు. చాలా స్టాపుల్లో ప్లాట్‌ఫారం చివర ఏటవాలు దారితో బండి గడప ఎత్తుకు ఒక చిన్న వేదిక కట్టారు. చక్రాల కుర్చీ అక్కడికి ఎక్కితే, డ్రైవరు వేదికకూ బండికీ నడుమ వంతెన పలక వేసి లోపలికి తీసుకుంటాడు. మీ అమ్మగారిని కూడా అటువైపు నుంచి ఎక్కించవచ్చు, అడగడానికి మొహమాటపడకండి. మిలాన్ బండి వస్తే లోపలి చెక్క బల్లలు నున్నగా ఉండి, బండి ఆగినప్పుడల్లా మనిషి జారుతాడు, ఆమెకు పీసీసీ బండిలోని మెత్తటి సీటే నయం. ఫిషర్‌మన్స్ వార్ఫ్ చివరి స్టాపు దగ్గర మధ్యాహ్నం జనం ఎక్కువ. ఫెర్రీ బిల్డింగు దగ్గర పొద్దున ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరికే అవకాశం ఉంటుంది. ఆ స్టాపుకు ఎదురుగా స్టూవార్ట్ వీధి మూల మీద ఈ ట్రామ్‌ల చిన్న మ్యూజియం కూడా ఉంది.

చీరాల నేత:

చాలా ధన్యవాదాలండీ. కేబుల్ కారుకు ఆమెను తీసుకువెళ్ళవచ్చా?

గూడూరు జంక్షన్:

వద్దండీ. మెట్టు ఎత్తు, క్యూ పొడవు, కొండ మీద కుదుపు ఎక్కువ. కేబుల్ కారును కింద నిలబడి చూపించి, ట్రామ్‌లో తిప్పండి. కేబుల్ లాగే పెద్ద చక్రాలు తిరిగే భవనం మేసన్ స్ట్రీట్‌లో ఉంది. అక్కడి మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం. లోపల మెట్లు ఉంటాయి గనుక ఆమెను కూర్చోబెట్టి మీరు చూసి రండి.